మూడు వేళ్ల సున్నం

"మన రహస్యాలు ఎత్తుకెళ్లిన దొంగ దొరికాడు. ప్రశ్న పూర్తయ్యేలోపు సైనైడ్ కొరికాడు. 'సీసాలో' అన్న మాట ఒక్కటే వినబడింది."

చీఫ్ మదన్‌మోహన్ బల్ల మీద ఫొటో పడేశాడు. అందులో పన్నెండు నల్లని సీసాలు.

"1908 నాటి పోర్ట్ వైన్. జహీరాబాద్‌లో ఒక జాగీర్దారు బంగళా నేలమాళిగలో ఉన్నాయి. రేపు క్లీమన్ అనే విదేశీయుడు కొంటున్నాడు. పైకి పాత వైన్లు సేకరించే పెద్దమనిషి. లోపల గూఢచారి ముఠా నాయకుడు. ఒక సీసాలో మైక్రోఫిల్మ్ ఉంది. సరిహద్దు అవతల పనిచేసే మన పదకొండు మంది పేర్లు."

ఏజెంట్ విరూపాక్ష పిడికిలి బిగించాడు. అందులో మూడో పేరు అతని తమ్ముడు నాగప్పది.

"అన్నీ పగలగొడితే?"

"వాడికి ప్రభుత్వ అనుమతి ఉంది. రుజువు లేకుండా ముట్టుకోలేం. కొనేముందు రుచికి ఒక్క సీసా తెరుస్తారు. నువ్వు వైన్ రుచి చూసి చెప్పే బొంబాయి టేస్టర్‌గా వెళ్తావు. ఒకే ఛాన్స్."

"అక్కడ మనవాళ్లు?"

"సుమిత్ర. వాడి సెక్రటరీ. మన ఉప్పూ తింటుంది, వాళ్ల ఉప్పూ తింటుంది. నమ్మడం నీ ఇష్టం."

మర్నాడు మధ్యాహ్నం మూడు. నేలమాళిగ మెట్ల దగ్గర నెమలికంఠం రంగు చీరలో సుమిత్ర ఎదురైంది.

"కోహీర్ జామలు ఈసారి పులుపట."

"చిలక కొరికినవి తీపే," అన్నాడు విరూపాక్ష. కోడ్ కుదిరింది.

"ఏ సీసానో నాకూ చెప్పలేదు. నీకు తెలుసా?" గుసగుసగా అడిగింది.

అతను మెట్లు దిగాడు.

సీసాలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. విరూపాక్ష పెన్నులోని టార్చి వెలిగించాడు. గాజు మరీ నలుపు. ఏమీ కనబడలేదు. లక్క సీళ్లన్నీ ఒకేలా ఉన్నాయి. చెమట కళ్లలోకి దిగింది.

"నాలుగింటికి నేను బయల్దేరాలి," అన్నాడు క్లీమన్, వాచీ చూసుకుంటూ. చిరాగ్‌పల్లి దాటితే కర్ణాటక. రాత్రికల్లా విమానం.

విరూపాక్ష ఒక సీసా ఎత్తబోయాడు.

"జర మెల్లగ సారూ! కదిలిస్తే మడ్డి లేస్తది," అరిచింది బంగళా కాపలా ముసలమ్మ హనుమమ్మ. "సున్నం గుర్తు పైకే ఉండాలె. పెద్దదొర గట్లనే చెప్పి పోయిండు. ఏడాదికోపారి నేనే దిద్దుత. మూడు వేళ్లు ముంచి, విభూతి పెట్టినట్టు."

"ఎన్నేళ్ల నుంచమ్మా?"

"నలభై ఏండ్లాయె. ఇప్పుడు కండ్లకు పొరలొచ్చినయి. చెయ్యి ఆనవాలుతోనే పెడుతున్న."

ఆమె చాయ్ కప్పు అందించింది. విరూపాక్ష చూపు ఆ చేతి మీదే ఆగిపోయింది. నడిమి వేలు సగమే ఉంది.

"చిన్నప్పుడు చెరుకు గానుగల పడ్డది," అని నవ్వింది. "వేలు పోయింది గని పని పోలే."

అతను సీసాల వైపు తిరిగాడు. ప్రతిదాని మీదా మూడు గీతలు, నడిమి గీత పొట్టి. ఒకటి, రెండు, మూడు... తొమ్మిదో సీసా మీద మూడు గీతలూ సమానం.

అది ఆమె చెయ్యి కాదు.

"తొమ్మిదోది తెరుస్తాను."

క్లీమన్ నవ్వు మాయమైంది. "అది వద్దు. ఇంకోటి చూడు."

"రుచి చూసేవాడిదే ఎంపిక. మీ ఆనవాయితీయే కదా?"

క్లీమన్ పిస్టల్ తీశాడు. సీసా లాక్కుని మెట్లెక్కి కారులోకి దూకాడు. విరూపాక్ష వెనకే పరిగెత్తాడు. చేతిలో ఆయుధం లేదు. కారు కదిలితే నాగప్ప బతకడు.

కారు కదల్లేదు. క్లీమన్ రెండు చేతులతో జేబులు తడుముకుంటున్నాడు. సీసా ఒళ్లో ఉంది, పిస్టల్ పక్క సీటు మీద ఉంది.

వెనక నుంచి సుమిత్ర తీరిగ్గా వచ్చింది. కొప్పులోంచి తాళంచెవి తీసి ఊపింది. "దీనికోసమేనా సార్?"

విరూపాక్ష కిటికీలోంచి పిస్టల్ అందుకుని అతని కణతకు ఆనించాడు.

సీసాలోని వైన్‌ను పాత్రలోకి వంపితే చిన్న గాజు గొట్టం టంగుమంది. లోపల ఫిల్మ్.

"నన్ను నమ్మలేదు కదూ?" అంది సుమిత్ర.

"ఇప్పుడూ సగమే," అన్నాడు విరూపాక్ష.

అసలు సీసా ఒకటి తెరిచి, మొదటి గ్లాసు హనుమమ్మకే ఇచ్చారు. ఆమె ఒక్క గుక్క తాగి మొహం చిట్లించింది.

"అయ్యో, దగ్గుమందు! నలభై ఏండ్లు దీన్నా నేను పసిపిల్ల లెక్క పండబెట్టింది?"