పైన ఎండిన గులాబీ

ఏప్రిల్ ఉదయం పరంధామయ్య కాఫీ కప్పుతో పెరట్లోకి వచ్చి కూతురి గులాబీలను చూశాడు. కాన్సాస్ చలి వాటిని మోడులు చేసి వదిలేసింది. కడియంలో నర్సరీ నడిపిన మనిషాయన. నిలిచే మొక్కేదో, పోయిన మొక్కేదో గేటు దగ్గర నుంచే చెప్పేవాడు. ఒక కొమ్మను గోటితో గీకాడు. లోపలంతా గోధుమ రంగు.

"పోయాయమ్మా."

ఉమ గుమ్మంలో నిలబడి ఉంది. విడాకులయ్యాక ఈ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఇల్లు అమ్మించి, ఆమెను టెక్సస్‌లోని ప్లేనోలో ఉన్న తన కొడుకు దివాకర్ దగ్గరికి చేర్చాలని ఆయన వచ్చాడు. సంతకాలకి ఏజెంట్ కాసేపట్లో వస్తుంది.

"నష్టం వచ్చిన చోట కొట్టు కట్టేయాలమ్మా."

"ఎవరికి నష్టం? జాబ్ చేసుకుంటున్నా, నా ఇల్లు నేను నడుపుకుంటున్నా."

"అన్నయ్య పక్కనుంటే దన్ను కదా!"

"దన్నా, కాపలానా? నేను ఎవరితో కాఫీకి వెళ్లాలన్నా వదిన్ని అడగాలట. మొన్న ఫోన్లో చెప్పాడు."

ఆయన ఆ మాట దాటేసి మొక్క మొదలు చూశాడు. అడవి గులాబీ వేరు మీద మంచి గులాబీని అంటు కట్టిన ముడి పైకి కనిపించలేదు.

"అంటు మట్టిలో పూడ్చావా? కుళ్లుతుంది, పైకి ఉంచమన్నానా లేదా?"

"మొదటి ఏడాది అలాగే ఉంచా. చలికి అంటు చచ్చింది. పసుపు గులాబీ పెడితే కింది అడవిది లేచి ఎర్రగా పూసింది. కడియం వానకి నీ లెక్క కరెక్టే నాన్నా. ఈ చలికి నా లెక్కే, అందుకే వీటిని లోతుగా నాటా."

"లెక్క సరే, మొక్కేదీ?"

ఉమ మోకాళ్ల మీద కూర్చుని, ఎండుటాకులు తోసి, వేళ్లతో మట్టి తీసింది. లోపల ఎర్రటి చిగురు.

"అడవిదే. ఇలాంటివి చూపించి అంటగట్టేవాళ్లని బోలెడుమందిని చూశా."

"పట్టుకుని చూడు."

ఆయన కప్పు పక్కన పెట్టి చెయ్యి పెట్టాడు. బొటనవేలికి ముడి తగిలింది. చిగురు దానికి పైన ఉంది. మళ్లీ తడిమాడు. అనుమానం లేదు, ఇది అడవిది కాదు, అంటు కట్టిన మంచి గులాబీదే.

"పైన ఎండిందని చూసి నాకు రేటు కట్టేశారు, నువ్వూ అన్నయ్యా." ఉమ చూపు దించలేదు. "నేను సంతకం పెట్టను. నువ్వు అలిగితే అలుగు."

పరంధామయ్య వేళ్లు చిగురు మీదే ఆగాయి. విడాకుల నాటి నుంచీ కూతుర్ని గేటు దగ్గర నుంచే చూశాడు. ఒక్కసారైనా వంగి చూడలేదు. కళ్లు మసకబారాయి.

జేబులో ఫోన్ మోగింది. దివాకర్. "సైన్ అయిందా నాన్నా?"

"అమ్మకం లేదురా. నీ చెల్లి ఇక్కడే ఉంటుంది. పెట్టేయ్."

మట్టిని మెల్లగా చిగురు చుట్టూ సర్ది, "మరి జులై ఎండకి ఏం చేస్తావు?" అన్నాడు.

ఉమ కన్నీళ్లతోనే నవ్వింది. "తెల్లారకముందే మొక్కల మొదళ్లకి నీళ్లు పోస్తా. మధ్యాహ్నం ఆకులు వాడినా కంగారుపడను. నువ్వుండి చూడు."

"అయితే వచ్చే నెలకున్న నా తిరుగు టికెట్ జులై తర్వాతకి మార్చు," అన్నాడాయన, చేతుల మట్టి దులపకుండానే.