జ్వరం పట్టీ

మా గదిలో రోగులుండరు. కంప్యూటర్ తెరలుంటాయి. కీమో ఎక్కించుకుని ఇళ్ళకెళ్ళినవాళ్ళ ఒంటి వేడి, జబ్బకు అంటించిన పట్టీ నుంచి నేరుగా మాకు అందుతుంది. వాంతులా, విరేచనాలా, నోట్లో పుండ్లా అని ఫోన్ అడిగితే వాళ్ళు అందులో బటన్ నొక్కి జవాబిస్తారు. తెల్ల కణాలు పడిపోయిన రోజుల్లో జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి చేరాలి. ఆలస్యమైతే ప్రాణం దక్కదు. అందుకే వేడి పెరగ్గానే వాళ్ళింట్లోనూ మా దగ్గరా అలారం మోగుతుంది.

ఆ సాయంత్రం వాన. కిటికీలు మూసేస్తే గదంతా తడి గొడుగుల వాసన. తెల్లవారుజామున మా రోగి సంగీతం టీచరుగారి అలారం మోగితే ఫోన్ చేశాం; పట్టీ ఊడిందంతే అన్నాడు భర్త. ఇప్పుడావిడ తెర మీద అంతా పచ్చగానే ఉంది. జ్వరం లేదు, బాధ లేదు. అప్పుడే ఆవిడ నంబరు నుంచి ఫోన్.

"సిస్టర్... చలి..." గుసగుస.

"టీచరుగారేనా?"

"పట్టీ... ఈమె ఒంటి మీద లేదు."

ఈమె ఏమిటి అనుకునేలోపే కట్టయింది. తిరిగి చేస్తే భర్త ఎత్తాడు.

"మళ్ళీ మీరేనా? బాగానే ఉంది, పడుకుంది."

"ఇప్పుడే ఆవిడ నాతో మాట్లాడారు."

"ఫోన్ పొద్దుట్నుంచీ నా జేబులోనే ఉంది. మీకు పనీపాటా లేదా?"

నా తెర పక్కావిడకి అప్పజెప్పి అంబులెన్సు ఎక్కాను.

తలుపు తీసినవాడు బనీను మీద ఉన్నాడు. జబ్బకు మా పట్టీ! నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇది మీకెందుకుందండీ?"

"ఊరికే మోగుతోంది మేడం. కంటిమీద కునుకు లేదు. ఇవాళొక్కరోజూ నేను పెట్టుకున్నా."

"ఫోన్లో జ్వరం లేదని నొక్కింది కూడా తమరేనా?"

పట్టీ మీద చెయ్యి కప్పుకున్నాడు. తోసుకుని లోపలికెళ్ళాను.

పడగ్గదిలో చీకటి. పుల్లటి చెమట వాసన. ఎవరో పక్కనే ఊపిరి పీలుస్తున్నట్టు చిన్న చప్పుడు. టీచరుగారి ఒళ్ళు పెనంలా కాలుతోంది. మెడ... చేతులు... అరికాళ్ళు కూడా. నుదురు మాత్రం... మంచుగడ్డ.

నోరంతా పుండ్లు. నాలుక కదలడం లేదు.

"మాట రాక రెండ్రోజులైంది లెండి" అన్నాడాయన వెనకనుంచి, అదో చిన్న విషయమైనట్టు.

మరి నాతో మాట్లాడింది...? ఆలోచించే తీరిక లేదు. స్ట్రెచర్ మీదికి ఎత్తించాను.

ఆవిడ బతికింది. అందులో మొగుడి దయ ఏమీ లేదు.

నోరు మానాక వార్డులో పలకరించాను. బొంగురు గొంతు. ఆ రోజు నేను విన్నది కాదు.

"మీరు పంపినావిడ భలే మనిషి సిస్టర్. నుదుటి మీద చల్లటి చెయ్యేసి కదలకుండా కూర్చుంది. ఈయన జేబులోంచి ఫోన్ తీసి, మళ్ళీ పెట్టేసింది కూడా. ఈ మహానుభావుడికి తెలిస్తేగా!"

"మేమెవర్నీ పంపలేదండీ."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. తలుపు వైపు చూసింది.

"మరి... ఇప్పుడు నన్నొదిలేసి బయట మా ఆయన పక్కన కూర్చుంటోందేం?"

తలుపు తీశాను. కారిడార్‌లో పొడుగాటి బెంచీ. మొత్తం ఖాళీ. ఆయన మాత్రం ఆ చివరికంటా ఒదిగి, జబ్బ రుద్దుకుంటూ కూర్చున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి.

"కాస్త ఏసీ తగ్గించమనండి మేడం."

ఆ కారిడార్‌లో ఏసీ లేదు. ఆ ముక్క చెప్పాలనిపించలేదు. తలుపు వేసేశాను.