పలకల వరసలో కలం

"పలకల వరసలో కలం!" పాత నిధి పటం మీది ఫార్సీ మాటకు అర్థాన్ని నూరోసారి చదివి, మురహరిరావు గడ్డపార నేలకేసి కొట్టాడు. "ఏందిరా మదారూ ఈ పిచ్చి రాత? ఇయ్యాల తేలకుంటే ఈ గుమ్మటాలన్నీ పేల్చి చూసుడే!"

అన్నంత పనీ చేసే మనిషే. అతని సంచి నిండా బండలు పగలగొట్టే తూటాలున్నాయి.

నల్లమలలో రెండు పగళ్ళు నడిస్తే గాని చేరలేని కొండ అది. మూడు వందల ఏళ్ళ కిందట అక్కడి కోటను ఏలిన కిల్లేదారు తన వంశానికి అక్కడ ఏడు సమాధి మందిరాలు కట్టించాడు. చదరపు గోడలు, వాటిపై ఎనిమిది మూలల మెడ, మెడ చుట్టూ సున్నంతో తీర్చిన తామర రేకులు, పైన గుమ్మటం. కోట కూలింది, ఊరు అడవి బయటికి తరలిపోయింది, మిగిలినదాన్ని అడవి కమ్మేసింది.

ఆ తామర రేకులకు ఏటేటా సున్నం పూసినవాడు మదార్ తండ్రి బుడన్‌సాబ్. ముప్పై ఏళ్ళ కిందట మురహరి తండ్రే ఆయన్ను ఊరి నడుమ నిలబెట్టి, "కిల్లేదారు గుమ్మటాల్ల దాచిన సొమ్ము వీడే మింగిండు" అన్నాడు. ఊరు నమ్మింది. బుడన్‌సాబ్ తాపీ వదిలేసి కట్టెలమ్ముకుంటే, అదీ దొంగ వేషమేనన్నారు. అంతకంటే చేదు సంగతి, కొడుకూ నమ్మాడు. తండ్రి జనాజాకు భుజం పట్టడానికైనా రాలేదు. ఇప్పుడా సొమ్ము ఇక్కడే దొరికితే మచ్చ పోతుంది. ఆ ఒక్క ఆశతోనే మదార్ ఈ దుర్మార్గుడి వెంట నడిచాడు.

"ఆగు పటేలా! మొగోళ్ళ సమాధి మీద కలందాను, గదే కలం పెట్టె, చెక్కుతరు, ఆడోళ్ళ దాని మీద పలక. బేగముల గుమ్మటంల ఐదు సమాధులున్నయ్. నాలుగిటి మీద పలకలే. ఐదోదాని మీద కలందానున్నది. చిన్నప్పుడు అదెందుకని అడిగితే అబ్బా చేత్తోటి నా నోరు మూసిండు."

"మరింకేంది, తవ్వు!"

"పైనున్నది చూపుకే. అసలు గోరీ కింద నేలమాళిగల. దారి గుహలకెల్లి."

కొండచరియలో ముళ్ళపొదలు నరికి ఇద్దరూ గుహలో దూరారు. టార్చి వెలుగు పడగానే గబ్బిలాలు వందలుగా మొహాల మీదికి దూకాయి. "వంగు పటేలా, వంగు!" పది బారలు పాకేసరికి దారి ఇరుకై మురహరి బొజ్జ ఇరుక్కుంది. కిందా మీదా పడి వెనక్కి జరిగాడు.

"నువ్వే పో! అండ్ల లేకుంటే తక్కిన ఆరూ లేపుత, యాదిపెట్టుకో!"

మదార్ గడ్డపారను ముందుకు నెట్టుకుంటూ రొమ్ముతో పాకి, కమాను దాటి, బేగముల నేలమాళిగలోకి జారాడు. మట్టి కప్పుకున్న నాలుగు గోరీలు ప్రశాంతంగా ఉన్నాయి. ఐదోది ఉండాల్సిన చోటికి అడ్డంగా గోడ. సున్నం అద్దంలా నున్నగా ఉంది. మూలన వంకర బొటనవేలి ముద్ర. అది అబ్బా ముద్ర.

రెండు ఇటుకలు ఊడదీశాడు. లోపల మూతిదాకా బంగారు మొహరీలున్న ఏడు రాగి బిందెలు! ఒక్కదాని మీదా దుమ్ము చెదరలేదు. గోడ సందులో, పిడి మీద 'బుడన్' అని కాల్చి రాసిన తాపీ ఉంది.

మదార్‌కు అంతా అర్థమైంది. సొమ్ము చూపిస్తే బుడన్‌సాబ్ మీది నింద పోయేది, కానీ మరునాడే జనం ఏడు గుమ్మటాలనూ ఎముకలతో సహా పెళ్ళగించేవారు. అందుకే గోడ కట్టి, దొంగగానే బతికి, దొంగగానే పోయాడు. మదార్ నేల మీద పడి వెక్కి వెక్కి ఏడ్చాడు. "అబ్బా, నేను గూడ నమ్మితి గద!"

"ఉన్నదారా?" గుహలోంచి కేక.

మదార్ తాపీ తీసుకుని కమాను దాటి వచ్చాడు. ఏ రాయి లాగితే ఆ కమాను నిలవదో మేస్త్రీ కొడుక్కి తెలుసు. గడ్డపార గుచ్చి బలంకొద్దీ తన్నాడు.

"కూలుతున్నది! ఉరుకు పటేలా!"

వెనక బండలు దొర్లుతుంటే, మోచేతులు చెక్కుకుపోతుంటే, ఇద్దరూ దుమ్ములోంచి ఎండలోకి వచ్చిపడ్డారు. మురహరి అతని గల్లా పట్టుకున్నాడు.

"ఉన్నదా, లేదా?"

మదార్ తాపీని అతని ముందుకు విసిరాడు. "గోడ ఎప్పుడో పగిలింది. బిందెలు ఖాళీ. ఇది అండ్లనే దొరికింది."

మురహరి పేరు చదివి పకపకా నవ్వాడు. "మా నాయిన మాట నిజమే గదరా! ఊళ్ళె గూడ చెప్తవా?"

"చెప్త."

తూటాల సంచి భుజానికెత్తుకుని మురహరి కొండ దిగాడు.

మూడోనాడు ఊరి చావడి ముందు, పదిమందిలో, మదార్ తలవంచుకుని చెప్పాడు. "పెద్ద పటేలు అన్నది నిజమే. మా అబ్బా దొంగ."