నలభై ఒకటో నంబరు పెయ్య

మార్చి నెల. ఇసుక గుట్టల మీద మంచు ఇంకా కరగలేదు. ఆర్డిస్ ఎప్పటిలాగే కాఫీ పెట్టి, పెనం మీద గుడ్లు వేసి, మూడు పళ్ళేలు సర్దింది. డెబ్బైఆరేళ్ళ మనిషి. పశువులు ఈనే రోజుల్లో ఎవరు ఏ వేళకు తిండికి వస్తారో తెలియదని పొయ్యి ఆర్పనివ్వదు.

కొడుకు లైల్ బూట్లు విప్పకుండానే వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. మోచేతుల దాకా నెత్తురు ఎండిపోయి ఉంది.

"పోయిందమ్మా. దూడా దక్కలేదు, తల్లీ దక్కలేదు."

"ఏదిరా?" అంది గానీ, ఏదై ఉంటుందో ఆమె అప్పటికే ఊహించింది.

"నలభై ఒకటి."

వెనకే కోడలు ట్రీనా వచ్చింది. ఒంటినిండా బురద. పళ్ళెం ముందుకు లాక్కోలేదు, కూర్చోనూ లేదు.

"ఆ చెవిముక్కల పరీక్ష లేనన్నాళ్ళూ మన మంద బతకలేదా?" అన్నాడు లైల్, గోడకేసి చూస్తూ.

"బతికింది. ఏడాదికి రెండు పెయ్యలు ఇలాగే చచ్చాయి కూడా. మర్చిపోయావా?" అంది ట్రీనా.

"మరి ఇది చావలేదా? సులువుగా ఈనుతుందన్నావు. అందరికంటే దీనికే మార్కులన్నావు. బళ్ళో పిల్లకు ఫస్టొచ్చినట్టు ఆ కాయితం గోడకి అంటించావు!"

"కాయితం అదే చెప్పింది, నేనేం చెయ్యను?"

"కాయితం వచ్చి గొలుసు పట్టుకుని దూడని లాగిందా? మా నాన్న కంటితో చూసి ఏరేవాడు. టౌన్లో పుట్టినదానివి, నీ మాట విన్నాను చూడు!"

ట్రీనా అతని ఎదుటికి వచ్చింది. "దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది నేను లైల్. నన్ను చూస్తూనే పోయింది." లోపలి గది వైపు తిరిగింది. "మా అక్క దగ్గరికి పోతున్నా. ఇకమీద నీ కళ్ళతోనే ఏరుకో."

లోపలి గదిలో అలమర తలుపు తెరిచిన చప్పుడైంది. పెనం మీద గుడ్లు మాడుతున్నాయి.

ముందటేడు అక్టోబరులో, పాలు మాన్పించిన పెయ్యలన్నిటినీ ఒక్కొక్కటిగా బోనులోకి ఎక్కించారు. ట్రీనా చెవిలోంచి చిన్న ముక్క తీసి, ల్యాబు పరీక్షకు పంపే సీసాలో వేసేది. లైల్ చెవి నంబరు అరిచేవాడు. ఏ సీసా ఏ పెయ్యదో పట్టీలో రాసేది ఆర్డిస్. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఈనిన ప్రతి ఆవునూ రాసిన చెయ్యి అది. ఆమె అంకెను మళ్ళీ సరిచూసే అలవాటు ఎవరికీ లేదు.

నలభై ఒకటి, ఆర్డిస్ కూతురు రోండా పెంచిన ఆవు వంశంలో మిగిలిన చివరిది. పదో ఏట తండ్రి ఇచ్చిన పెయ్యను రోండా తన ముద్ర వేసి పెంచుకుంది. తర్వాత అదే తండ్రితో భూమి దగ్గర మాటామాటా వచ్చి ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. పదమూడేళ్ళయింది. ఉత్తరం లేదు, కబురు లేదు. ఎప్పుడైనా వస్తే 'నా ఆవులేవమ్మా?' అని అడుగుతుందని, ఏటా ఒక పెయ్యనైనా మందలో నిలిపింది ఆర్డిస్. ఆ వంశానికి నడుం ఇరుకు. ప్రతి ఈతా కష్టమే. అది ఆర్డిస్‌కి తెలుసు. పరీక్షకూ తెలిసిపోతుందనే ఆమె భయం.

అందుకే విశాలమైన నడుమున్న అరవైమూడు సీసా ఎదురుగా నలభై ఒకటి అని రాసింది. నలభై ఒకటి సీసా ఎదురుగా అరవైమూడు. మార్కులు తక్కువొచ్చాయని అరవైమూడు కసాయికి పోయింది.

ట్రీనా సంచితో బయటికొచ్చింది.

"ఆగు," అంది ఆర్డిస్. "పరీక్ష అబద్ధం చెప్పలేదు. నేను చెప్పాను."

చెప్పేసింది. సీసాలు, అంకెలు, రోండా, ఏదీ దాచలేదు. లైల్ తలెత్తి తల్లిని కొత్తగా చూసినట్టు చూశాడు.

"ఇంత పని చేశావా అమ్మా? ఏడాదిన్నర మా మధ్యే తిరుగుతూ..."

"చేశాన్రా. దాన్ని నేనే చంపాను. దాని చావు ఈ పిల్ల నెత్తిన పడుతుంటే, గుడ్లు తిరగేస్తూ నిలబడ్డాను."

ట్రీనా సంచి ఇంకా పట్టుకునే ఉంది. కోపం వచ్చింది, కళ్ళలో కనపడింది. చివరికి, "ఆవుల కోసం ఎవరొస్తారు అత్తయ్యా?" అంది. "వస్తే మీకోసం రావాలి గానీ."

"రాదే," అంది ఆర్డిస్. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ, ఎప్పుడూ పైకి అనలేదు. "అది వెళ్ళిన పొద్దున నేనిక్కడే గిన్నెలు తోముతున్నాను. గుమ్మంలో ఆగింది. నేను పిలుస్తానని చూసింది. మీ మామయ్యకు భయపడి నేను వెనక్కి తిరగలేదు. ఒక్క మాట అనలేదు. ఆవుల్ని దాస్తూ కూర్చున్నాను."

కోడలి చెయ్యి పట్టుకుంది. "నువ్వు వెళ్ళకే. నన్ను తిట్టు, వాణ్ణి తిట్టు. వెళ్ళకు."

లైల్ లేచి భార్య దగ్గరికి వచ్చాడు. "టౌన్లో పుట్టావని అన్నాను చూడు..." అని ఆగిపోయాడు.

ట్రీనా సంచి కింద పెట్టింది. "దొడ్లో ఇంకా పదకొండు ఈనాలి," అంది, కళ్ళు తుడుచుకుంటూ. "ఎక్కడికని పోను?"

అప్పుడు ఏడ్చింది ఆర్డిస్. పదమూడేళ్ళ కిందట, ఆ గుమ్మంలో, కూతురు వింటుండగా ఏడవాల్సిన ఏడుపు.