బెర్గమాట్ బండికి బ్రేక్

"దబ్బకాయ పచ్చడి దొరుకుతుందా?"

"ఉప్పు తక్కువైంది."

కోడ్ సరిపోయింది. మనిషే సరిపోలేదు.

మంచిర్యాల స్టేషన్ ఎదుట పండ్ల వ్యాపారి వేషంలో నిలబడ్డ ఏజెంట్ కరుణాకర్‌ను, మమతారాణి నవ్వుతూ కూలింగ్ వ్యాన్ దగ్గరికి తీసుకెళ్లింది. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, కొంగు చాటున నడుముకు పిస్టల్. జీతం మన డిపార్ట్‌మెంట్‌ది, జీవితం విదేశీ ముఠాది. డబుల్ ఏజెంట్! ఆ సంగతి అర్థమయ్యేలోపే అతని చేతులు వెనక్కి కట్టి, లోపలికి తోసి తలుపు మూసేసింది. పేరులో మమత, మనసు మైనస్ డిగ్రీలు. కరుణాకర్ మీద కరుణ లేదు.

బయట మే నెల ఎండకు తారు కరుగుతోంది. ఆ వేళ మంచిర్యాల మొత్తంలో చలికి చచ్చే అవకాశం ఉన్న ఏకైక పౌరుడు మనవాడే. గడియారంలోని ట్రాన్స్‌మిటర్‌కు ఇనుప గోడల మధ్య సిగ్నల్ లేదు. పెన్నులోని గ్యాస్ గడ్డకట్టింది. పక్కన చిన్న చెక్కపెట్టెలో నాలుగు పండ్లు మాత్రం ఘుమఘుమలాడుతున్నాయి.

బెర్గమాట్! నిమ్మకు అన్న, నారింజకు తమ్ముడు, దబ్బకు దాయాది. దొరలు టీలో కలుపుకునే పరిమళం, సెంటు సీసాల్లో పోసే నూనె ఈ తొక్కలోవే. 'తొక్కలో నూనె' అని తీసిపారేయకండి.

"వాటిలో ఒకదాంట్లో మన రాడార్ కోడ్స్ చిప్ ఉంది," క్యాబిన్ వైపు చిన్న కిటికీలోంచి అంది మమతారాణి. "ఈ ఘాటుకు నాగ్‌పూర్ ఎయిర్‌పోర్ట్‌లో కుక్క కూడా ముక్కు తిప్పుకుంటుంది. సాయంత్రానికి చిప్ విమానంలో, నువ్వు ఐస్‌లో."

"నీ బాస్?"

"నా పక్కనే. సిన్యోర్ లూకా. పైకి ఇటలీ సెంటు వ్యాపారి."

టీ తాగడానికి వెళ్లిన డ్రైవర్ అప్పుడే వచ్చి ఎక్కాడు. ఇంజిన్ స్టార్టయింది. వేళ్లకు స్పర్శ పోయింది. దారి మధ్యలోనే తనూ ఫ్రోజెన్ సరుకు అయిపోతాడు. కిటికీలోంచి డ్రైవర్ సీటు కనిపించింది. ప్లాస్టిక్ కవర్ ఇంకా తీయలేదు. గడ్డకడుతున్న బుర్రలో ఒక లెక్క వెలిగింది. పండ్లు నాలుగు, చక్రాలు నాలుగు.

"డ్రైవరన్నా! బండి కొత్తదా?"

"పొద్దుగాలనే షోరూంల నుంచి తెచ్చిన," అన్నాడు నస్పూర్ రాయమల్లు గర్వంగా. "లోపట ఎవలు?"

"నిమ్మకాయలు తొక్కిచ్చినవా?"

ఇంజిన్ ఆగింది.

"అయ్యో, మర్సిపోయిన! జర ఆగుండ్రి సార్."

"నో నిమ్మ! గో!" అరిచాడు లూకా. సెంటు వ్యాపారికి సెంటిమెంటు లేదు.

"గట్లనే గో అంటె గోడకు పోయి గుద్దుకుంటది సార్."

ఆటో స్టాండ్ వాళ్లు మూగారు. "కొత్త బండి ఉత్తగనే తీస్తరా? తొక్కిచ్చినంకనే కదలాలె!" అంత మందిలో మమతారాణి పిస్టల్ తీయలేకపోయింది.

"ఆగు, నేను కొనిస్తా!" అంది.

"కొనుడు దేనికి మేడం? లోపటికెల్లి గింత వాసనొస్తుంటె!"

రాయమల్లు వెనక తలుపు తెరిచాడు. "ఓయమ్మ! గీ కట్టేసినాయన ఎవలు?"

"దొంగ. పోలీసులకు అప్పగిస్తాం."

"దొంగో, దొరో. నిమ్మకాయలు ఏడున్నయి?"

కరుణాకర్ గడ్డంతో పెట్టె చూపించాడు. "జల్ది పెట్టన్నా, దుర్ముహూర్తం వస్తుంది!"

లూకా పెట్టె మీదికి దూకాడు. ఆటోవాళ్లు రెక్క పట్టి ఆపారు. "దేవుని పనికి అడ్డం రాకు సార్!"

"అవి నిమ్మకాయలు కావు! బెర్గమాట్!" అరిచింది మమతారాణి.

"బెర్గ మాటో, బెదిరింపు మాటో, పుల్లగుంటె సాలు మేడం."

బండి కదిలింది. పిచ్. పిచ్. పిచ్. నాలుగోది 'టక్'మంది.

రాయమల్లు దిగి, వంగి చూశాడు. "అరె! నిమ్మకాయల సిమ్ కార్డు ఎవలు పెట్టిన్రు?"

లూకా మోకాళ్ల మీద కూలి రసంలో ముక్కలు ఏరుకోసాగాడు. మమతారాణి చెయ్యి నడుము మీదికి పోయింది.

"పిస్టలుందన్నా, పట్టుండ్రి!" బండిలోంచి కరుణాకర్ అరుపు. రాయమల్లు ఆమె చెయ్యి మెలిపెట్టాడు. పిస్టల్ కిందపడింది.

పోలీసులొచ్చి కట్లు విప్పాక, హైదరాబాద్ నుంచి చీఫ్ ఫోన్.

"చిప్?"

"పొడి. మన దగ్గర కాపీ ఉందిగా సార్."

"శత్రువుకు ఏం దక్కింది?"

"వాసన."

బేడీల చేతులతో మమతారాణి అడిగింది. "నిజం చెప్పు, ఇవన్నీ నమ్ముతావా?"

"ఛ! నేను సైన్స్ స్టూడెంట్‌ని," అంటూ పోలీసు జీపు ఎక్కబోయిన కరుణాకర్, ఎడమకాలు వెనక్కి తీసుకుని కుడికాలు ముందు పెట్టాడు.