దాణా గదిల గిటార్ నెక్

సురంగల్ దాటి మొయినాబాద్ పోయే తొవ్వల మూతపడ్డ కోళ్ళ ఫారం ఒకటున్నది. షెడ్డు రేకులు ఎవరో ఎత్తుకపోయిండ్రు. మిగిలింది దాణా బస్తాలు పెట్టే గది ఒక్కటే. పొద్దుగూకినంక ఆ దిక్కు ఎవ్వరు పోరు. అక్కడ కావలి ఉన్న కుర్మయ్య సచ్చి దెయ్యమయిండట... చీకటి పడంగనే నేల మీద ఒలికిన దాణా ఊడ్చి ఎత్తుతడట. సర్... సర్... అని చప్పుడొస్తదట.

థూ! వీళ్ళ నోళ్ళు పడిపోను. బతికినన్నాళ్ళు గుప్పెడు దాణా ఒలికితే ఆ ముసలాయనను నానా మాటలన్నరు. సచ్చినంక గూడ ఆయనతోని ఊడిపిచ్చుడేనా?

సరే, నా కోపం అసలు మా తమ్ముడు గిద్యోను మీద. ఆ గదిల వానికి ఏమయిందో వాని నోటితోనే విన్న. మోకిలల మా ఇంటికొచ్చి, "విజయక్కా, నన్ను తిట్టకే..." అనుకుంట చెప్పిండు. తిట్టిన. ఇప్పటికీ తిడుతున్న.

మా బాపు నతానియేలు క్యారెట్ పండిస్తుండె. ఆదివారం వస్తే చర్చిల ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తుండె. ఎంత కడిగినా ఆయన చేతుల మట్టి పోకపోయేది. ఆ చేతులతోనే ఏండ్లకేండ్లు వాయించిండు. గిటార్‌కు నెక్ ఉంటది చూడు, తీగలు నొక్కే పొడుగాటి కట్టె... దాని వెనక, బాపు బొటనవేలు నడిచిన మేర, పాలిష్ లేచిపోయి చెమట దిగి నల్లగయింది.

బాపు పోయినంక ఆయన ఫోన్ పగిలింది, ఫోటోలు పోయినయ్. అంగీలకు ఆయన వాసన గూడ పోయింది. మా అమ్మ ఎస్తేర్‌కు మిగిలింది ఆ నలుపొక్కటే. రోజూ పండుకునే ముందు గిటార్ కాడికి పోయి దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకునేది. నేను పుట్టింటికి పోయినప్పుడల్లా చూసిన. ఒకే ఇంట్ల ఉన్న కొడుకు చూడలే! ఎట్ల చూస్తడు? తలకాయ ఎప్పుడు ఫోన్లనే ఉంటది గద.

బాపు పోయి ఏడాదయితున్నదని జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నం. గిద్యోనుకు ఒక్కసారి ప్రేమ పొంగుకొచ్చింది. వీడియోలు చూసిండు. నెక్ గీకి, అద్దం లెక్క మెరిపిచ్చి, కూడికల దానితోనే వాయించాలనుకున్నడు. ఒక్క మాట అడగాల్నా వద్దా? అమ్మనడగలే, నన్నడగలే. ఇంట్ల వార్నిష్ స్ప్రే కొడితే అమ్మకు దగ్గొస్తదని గిటార్ పట్టుకొని ఆ దాణా గదికి పోయిండు. దెయ్యం లేదు, గియ్యం లేదు అన్నడట, పెద్ద మొగోడు.

స్క్రూలు ఇప్పి నెక్ వేరు చేసిండు. తీగలు బిగించే కీలు పీకిండు. ముందు గరుకు శాండ్ పేపర్, ఆ తర్వాత సన్నది... గీకిందే గీకుడు. నలుపంత పొడిపొడయి నేల మీద రాలింది. కట్టె తెల్లగ తేలినంక, కీలు తీసిన బొక్కలకెల్లి వైరు గుచ్చి, దూలానికి ఏలాడదీసి, వార్నిష్ ఒక కోటు కొట్టి ఇంటికొచ్చిండు.

అన్నం పెట్టుకుంట అమ్మ అడిగింది. "అంగి మీద గా దుమ్మేంది బిడ్డా?"

"బాపు గిటార్ కొత్తగ చేస్తున్ననే. నెక్ వెనక మురికున్నది చూడు, అంత గీకేసిన."

అమ్మ చేతిల గంటె ఆగింది. ఎక్కడ చేస్తున్నవని మాత్రం అడిగింది. చెప్పిండు. గంటె ఆడనే పెట్టి లేచిపోయి పండుకున్నది. తిట్టలేదంటే ఆమె సంబరపడ్డదనుకున్నడు వాడు... ఎడ్డోడు!

మర్నాడు డ్యూటీ దిగి వచ్చేసరికి అమ్మ ఇంట్ల లేదు. ప్రార్థనకు పోయిందేమో అనుకొని, రెండో కోటు కొడదామని ఫారం దిక్కు పోయిండు. అప్పటికే చీకటి పడ్డది. తలుపు కాడికి పోంగనే—

సర్... సర్...

వాడు ఆడనే ఆగిండు. ఎలుకనేమో అనుకున్నడు. చప్పుడు ఆగింది. జరసేపటికి మల్ల... సర్... సర్... నేల మీద దాణా ఊడ్చినట్టే.

తలుపు సందులకెల్లి చూసిండు. పైన నెక్ మెల్లగ తిరుగుతున్నది. గాలి లేదు. దాని కింద... తెల్లటిదేదో నేలకు వంగి, కొంచెం కొంచెం జరుగుతున్నది. ఫోన్ టార్చి ఎయ్యలే. ఎస్తే ఏం కనబడ్తదో!

"యేసయ్యా..." అని గొణిగిండు. "కుర్మయ్య తాతా... నీ జోలికి రాను... నా గిటార్ నాకియ్యి..."

తెల్లటిది ఆగింది. తలకాయ లేపింది.

ఉరుకుదామనుకున్నడు. కాని నెక్ లోపలున్నది, తెల్లారితే కూడిక. పండ్లు బిగబట్టి, టార్చి ఏసి, తలుపు నూకి లోపలికి అడుగేసిండు.

అమ్మ!

మోకాళ్ళ మీద కూసున్నది. తెల్లచీర కొంగు నేల మీద పరిచి, రాలిన పొడిని అరచేత్తోని ఊడ్చి ఊడ్చి కొంగుల పోసుకుంటున్నది. నడుమ చేతికి దాణా నూకలు తగిలితే ఏరి పక్కకు పడేస్తున్నది. కండ్లల్ల ఒక్క చుక్క నీళ్ళు లేవు. అంత కోపం అమ్మ మొకంల వాడు ఎన్నడు చూడలేదట.

"అమ్మా... చీకట్ల ఒక్కదానివి... ఏం చేస్తున్నవే?" అనుకుంట ఇంకో అడుగు లేపిండు.

"అడుగెయ్యకుర!" అమ్మ ఒక్క అరుపు అరిచింది. "నీ చెప్పుల కింద మీ బాపున్నడు."