నీళ్లు తాగే గోడ

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో ఈమధ్య నాకు కలిసిపోతోంది. గోడ ఎర్రబడింది ముందా, నీళ్లు పీల్చడం మొదలుపెట్టింది ముందా అని పొద్దుటినుంచీ ఆలోచిస్తున్నాను. తేలడం లేదు. అయినా రాస్తాను. వరస తప్పితే తప్పింది, జరిగిందైతే ఇదే.

సత్తెనపల్లి దాటి లోపలికి వెళ్లే ఊళ్లలో బాపయ్యగారి ఇల్లని ఒకటుంది. ఆ ఇంటి నడిమి గదిలో ఎవరూ పడుకోరు. మిరప కోతలకు వచ్చిన కూలీలు వాన పడితే వరండాలో తడుస్తూ కూర్చుంటారు గానీ, ఆ గది గడప తొక్కరు. చుట్టాలెవరైనా వస్తే, "మేడ మీద గాలి బాగుంటుందండీ" అని మంచాలు పైకి మోయిస్తారు. ఎందుకని అడిగితే... మాట మార్చేస్తారు.

నాకు చెప్పింది మా చెల్లెలి కూతురు లక్ష్మీదుర్గ. అది ఆ ఇంటి కోడలు. మా ఇంట్లో మిరపకాయల తొడిమలు తీస్తూ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఒక్కసారి తప్ప తలెత్తలేదు.

బాపయ్యకు ఇద్దరు భార్యలు. మొదటి ఆవిడ కోటిరత్నం. కొడుకు పుట్టగానే పురిట్లో పోయింది. ఆ పసివాణ్ణి పెంచడానికని, ఆవిడ సొంత చెల్లెలు సుబ్బరావమ్మనే రెండో పెళ్లి చేసుకున్నాడు. సుబ్బరావమ్మకు పిల్లలు కలగలేదు. అక్క కొడుకునే తన కొడుకు అనుకుని పెంచింది. అతనే శ్రీకృష్ణ, మా లక్ష్మీదుర్గ మొగుడు.

ముత్తైదువగా పోయిన ఆడమనిషిని మా వైపు ఇంటి పేరంటాలుగా కొలుస్తారు. కోటిరత్నానికి నడిమి గది గోడలో ఒక గూడు పెట్టారు. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, సంవత్సరానికోసారి కొత్త చీర పెడతారు. ఆ చీర తర్వాత కట్టుకోవలసింది సుబ్బరావమ్మే. పైగా మెడలో పుస్తెల పక్కన, అక్క ముఖం అచ్చు ఉన్న చిన్న బంగారు బిళ్ళ. రెండో పెళ్లాం మెడలో అది ఉండి తీరాలి. లేకపోతే మొదటి ఆవిడ ఊరుకోదంటారు.

పెళ్లయిన నాటినుంచీ సుబ్బరావమ్మ ఆ బిళ్ళ మోస్తూనే ఉంది. ఏ పండగొచ్చినా ముందు అక్కకు, తర్వాత తనకు. ఇంట్లో కొత్త చీర వాసన ముందు ఆ గూటికే తగలాలి.

"బతికున్నదాన్ని నేను, కాపురం మాత్రం దానిది" అని ఒకసారి కోడలితో అందట. నవ్వుతూనే అందట.

రెండువేల ఒకటిలోనో, రెండులోనో ఇల్లు బాగుచేయించడం మొదలుపెట్టారు. ఒక మిరప పంటకు పెంకులు దించి స్లాబు వేశారు. తర్వాతి పంటకు గోడల ప్లాస్టరింగు, కింద టైల్సు, లోపలికి బాత్రూము. ఇల్లంతా ఇసుకే. అన్నంలో ఇసుక, పక్కలో ఇసుక. వంట వరండాలో, పడక వంటింట్లో. బీరువా తెచ్చి దొడ్లో పెట్టి పట్టా కప్పారు.

"అత్తయ్యా, పప్పులో ఉప్పు సరిపోయిందా?" అని లక్ష్మీదుర్గ అడిగితే, "సిమెంటు సరిపోయింది, ఉప్పు సంగతి తెలియడం లేదు" అన్నదట సుబ్బరావమ్మ. అలాంటి మనిషి. నోరు పెద్దది, నవ్వు పెద్దది.

అది కాయలు ఎండబెట్టే కాలం. బాపయ్య, శ్రీకృష్ణ రాత్రిళ్లు కల్లంలోనే కాపలా పడుకునేవాళ్లు. ఇంట్లో అత్తా కోడళ్లే.

ఒకరోజు మేస్త్రీ సుభానీ నడిమి గదిలో పని ఆపేశాడు.

"అమ్మగారూ, ఈ గూడు ఏం చెయ్యమంటారు?"

"మూసెయ్. ఆ గోడకి షోకేసు వస్తుంది. టీవీ పెట్టుకోవాలి."

"పెద్దాయన్ని అడిగి..."

"ఏం సుభానీ, ఈ ఇంట్లో నా మాటకు అంత విలువ లేదా?"

సుభానీ తాపీ కింద పెట్టాడు. "పసుపు కుంకుమ ఉన్న చోటమ్మా. మీ దేవుడైనా, మా దేవుడైనా నేను ముట్టను. ఏమనుకోకండి."

"నువ్వు ముట్టకు. పోయి టీ తాగు."

అతను బయటికి పోయాక సుబ్బరావమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపింది. మెడలోంచి బిళ్ళ తెంపింది. లక్ష్మీదుర్గ గుమ్మంలోనే ఉంది.

"అత్తయ్యా! అదెందుకు తీస్తున్నారు?"

"ఇన్నాళ్లూ దాని మొహం నా గుండె మీద మోశాను. ఇక దాని మొహం అదే చూసుకుంటుంది."

బిళ్ళను కుంకుమ బరిణె పక్కన పెట్టింది. తనే ఇటుకలు పేర్చింది. సిమెంటు మాలు మెత్తింది. ఆఖరి ఇటుక పెట్టేముందు లోపలికి వంగి ఏదో అంది. కోడలికి వినపడలేదు... పెదాలు మాత్రం కనపడ్డాయి. నవ్వుతున్నాయి.

మర్నాటికి గూడు ఉన్నచోట గోడ ఎర్రబడింది.

మనిషి ముఖమంత మరక. పచ్చి సిమెంటు మీద నెత్తురు ఊరినట్టు. కూలికి వచ్చిన ఆడవాళ్లు తట్టలు దించి బయటికి వచ్చేశారు.

సుబ్బరావమ్మ విరగబడి నవ్వింది. "పసుపూ సున్నం కలిస్తే ఏమవుతుందే? పారాణి కాదూ? మీ కాళ్లకు మీరు పెట్టుకోలా? లోపల అన్నేళ్ల పసుపుంది. దానిమీద సిమెంటు పడింది, ఎర్రబడింది. పనులు చూసుకోండి."

నిజమే. అందరూ సిగ్గుపడి లోపలికి పోయారు. ఇందులో దెయ్యమేముంది?

కొత్త ప్లాస్టరింగుకు పూటపూటా నీళ్లు కొట్టాలి. లేకపోతే బీటలు పడుతుంది. ఆ పని లక్ష్మీదుర్గది. చెంబుతో కొట్టుకుంటూ పోతుంటే మిగతా గోడల మీద నీళ్లు జారి కిందికి కారేవి. ఆ మరక దగ్గర మాత్రం కారేవి కాదు. ఇంకో చెంబు కొట్టింది. కారలేదు. బిందెడు కొట్టింది.

గుటక్... గుటక్... అని చప్పుడు.

వెనక్కు తిరిగేసరికి ఆ చోటు పొడిగా ఉంది. ఎండలో వేసిన కాయలా గలగలలాడేంత పొడిగా.

"అత్తయ్యా, ఆ గోడ నీళ్లు తాగేస్తోంది."

సుబ్బరావమ్మ చేతిలో చేట ఆగిపోయింది. మొదటిసారి ఆవిడ నవ్వలేదు. చేట కింద పెట్టి అంది —

"దానికి నీళ్లు కొట్టొద్దు."

"బీటలు పడుతుంది కదండీ?"

"పడనీ. ఎండి చావనీ. చుక్క పొయ్యొద్దు."

అత్తగారి మాట కోడలు దాటలేదు. మిగతా గోడలకు కొట్టి, ఆ చోటు వదిలేసేది. మరక చుట్టూ సన్నటి బీటలు పడ్డాయి. జ్వరం మనిషి పెదాలు పగిలినట్టు.

ఆ తర్వాత ఒక రాత్రి కరెంటు పోయింది. ఉక్కపోతకు లక్ష్మీదుర్గకు మెలకువ వచ్చింది. పక్కన అత్తగారు లేరు.

దొడ్లో తొట్టి దగ్గర బిందె ముంచిన చప్పుడు. తడి పాదాలు నడిచిన చప్పుడు. నడిమి గదిలో గోడకు నీళ్లు కొట్టిన చప్పుడు. మళ్లీ తొట్టి దగ్గర... మళ్లీ గదిలో...

లక్ష్మీదుర్గ లేచి గుమ్మం దాకా వెళ్లింది.

నేల మీద ఎక్కాబుడ్డి వెలుగుతోంది. సుబ్బరావమ్మ జుట్టు విరబోసుకుని, చీర మోకాళ్ల దాకా తడిసి, గోడకేసి బిందె ఎత్తి పోస్తోంది. నిండు బిందె. ఒక్క చుక్క నేల మీద పడలేదు.

గుటక్... గుటక్...

"ఇంకా కావాలా?" సుబ్బరావమ్మ గొణిగింది. "ఎంత తాగుతావే? తొట్టి అయిపోయింది..."

గోడ ఏమందో లక్ష్మీదుర్గకు వినపడలేదు. అత్తగారి మాటలే వినపడ్డాయి. మధ్య మధ్య ఆగి, విని, జవాబు చెబుతున్నట్టు.

"బాలింతకు నీళ్లివ్వకూడదన్నారుగా అక్కా... అందరూ అన్నారుగా..."

ఆగింది.

ఆ రోజుల్లో అలాగే ఉండేది. నా పురిట్లో నేనూ పడ్డాను. పచ్చి బాలింతకు నీళ్లు పడవని, వాతం చేస్తుందని నాలుక పిడచగట్టినా గొంతు తడిపేవాళ్లు కాదు. కోటిరత్నం అలా జ్వరంలో నీళ్లు నీళ్లు అంటూ పోయిందని ఊళ్లో అందరికీ తెలుసు. కాపలా కూర్చున్నది చెల్లెలని కూడా తెలుసు. చిన్నపిల్ల, పెద్దవాళ్లు చెప్పినట్టు చేసిందనుకున్నారు.

"అమ్మా..?" సుబ్బరావమ్మ తల అడ్డంగా ఊపింది. "అమ్మ వద్దనే చెప్పింది..."

మళ్లీ ఆగింది. ఈసారి చాలాసేపు.

బిందె చేతిలోంచి జారి నేల మీద దొర్లింది. సుబ్బరావమ్మ మోకాళ్ల మీద కూలబడి, గోడకు నుదురు ఆనించింది.

"ఔను. ఇమ్మంది. పాపం నాలుగు గుక్కలు పట్టవే, బతుకుతుందీ అంది. కాచి చల్లార్చి చెంబు నా చేతికిచ్చింది... నేనే కిటికీలోంచి పారబోశా. నువ్వు చూస్తూనే ఉన్నావు. బావ నీవైపు చూసినట్టు నావైపు చూడాలని..."

లక్ష్మీదుర్గ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నన్నేం చెయ్యమంటావే ఇప్పుడు?" సుబ్బరావమ్మ అడిగింది.

జవాబు విన్నట్టుంది. మెల్లగా తల ఎత్తింది. రెండు చేతులతో తన గొంతు పట్టుకుంది.

దీపం ఆరిపోయింది.

తెల్లారి లక్ష్మీదుర్గ కాఫీ ఇచ్చింది. సుబ్బరావమ్మ గుక్క తీసుకుంది. అది ముక్కులోంచి, నోట్లోంచి బయటికి వచ్చేసింది. మంచినీళ్లు ఇస్తే అవీ అంతే. అన్నం మెతుకు దిగుతోంది. నీటి చుక్క దిగడం లేదు.

గుంటూరు తీసుకెళ్లారు. డాక్టరుగారు ముందడిగింది, "కుక్క ఏమైనా కరిచిందా?" అని. కరవలేదు. గొంతులో గొట్టం వేసి చూశారు. ఏమీ లేదు. నరాల జబ్బేదో అన్నారు. సెలైను ఎక్కించారు. సీసాలు ఎక్కుతూనే ఉన్నాయి, పెదాలు పగులుతూనే ఉన్నాయి. బాపయ్య తడిగుడ్డతో నాలుక తుడిస్తే ఆ గుడ్డ క్షణంలో ఎండిపోయేదట.

ఆవిడ కళ్లు మాత్రం ఎప్పుడూ కిటికీవైపే. అక్కడెవరో చెంబు పట్టుకుని నిలబడ్డట్టు... చెంబుతో పాటే కళ్లు కదిలేవి.

"నీళ్లు" అన్న మాటతోనే పోయింది.

లక్ష్మీదుర్గ ఆ రాత్రి విన్నది మొగుడికి చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? పెంచిన తల్లి కన్నతల్లిని చంపిందని ఆ మనిషికి ఎలా చెబుతుంది? మామగారికి అసలే చెప్పలేదు. చెప్పకపోవడంవల్ల ఇంకో పొరపాటు జరిగింది.

సుబ్బరావమ్మ కూడా ముత్తైదువగానే పోయింది కదా. ఆవిడా పేరంటాలే. బాపయ్య ఏడుస్తూ, "ప్రాణమైన అక్కాచెల్లెళ్లు. గూళ్లు పక్కపక్కనే పెట్టు" అని సుభానీకి చెప్పాడు.

పాత గూడు తెరిచారు. బిందెలకు బిందెలు పోసిన చోటది. లోపల చెమ్మ లేదు. బరిణె ఉంది, బిళ్ళ ఉంది, మాలు బూడిదలా రాలింది. దాన్ని బాగుచేసి, పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఇంకో గూడు కట్టారు.

తెలిసింది తనొక్కతికే కాబట్టి లక్ష్మీదుర్గ ఒక పని మొదలుపెట్టింది. రోజూ దీపాలవేళ రెండు గూళ్లలో రెండు చెంబులతో మంచినీళ్లు పెడుతుంది. ఇద్దరూ తాగి చల్లబడతారని దాని ఆశ.

పొద్దున చూస్తే అక్క చెంబు ఖాళీ. చెల్లెలి చెంబు నిండుగా ఉంటుంది.

"ఎలకో, పిల్లో తాగుతుందేమోనే" అన్నాను నేను.

"ఎలక్కి అక్కెవరో, చెల్లెలెవరో తెలుస్తుందా పెద్దమ్మా? చెంబులు మార్చి పెట్టాను. గూటికి వల కట్టాను. అక్క నీళ్లే పోతాయి. అత్తయ్య నీళ్లు అంగుళం తగ్గవు."

"పోనీలే. ఆవిడకు దాహం లేదేమో."

లక్ష్మీదుర్గ చేతిలో కాయ పక్కన పెట్టింది. అప్పుడు తలెత్తింది.

"ఉంది పెద్దమ్మా. ఆ నిండు చెంబుకే, అంచు చుట్టూ రోజూ వేళ్ల గుర్తులుంటాయి. గట్టిగా పట్టుకుని పైకెత్తబోతే... ఎవరో మణికట్టు పట్టుకుని ఆపినట్టు."

మనవరాలా శ్రీరమ్యా, ఇది నువ్వొకసారి చదివి పేర్లు సరిచూడమ్మా. నీ లక్ష్మీదుర్గ పిన్నికి ఫోన్ చేసి అడుగు. కోటిరత్నం అక్క, సుబ్బరావమ్మ చెల్లెలు, అలాగే రాశానా? ఎక్కడైనా ఒకరి బదులు ఇంకొకరిని రాసుంటే వెంటనే దిద్దు, మొదటి ఆవిడ ఊరుకోదు. పగలు చెయ్యి ఫోను. పిన్నిని నడిమి గదిలోంచి బయటికి వచ్చి మాట్లాడమను.